కొలత చెప్పండి, గరిట ఇవ్వండి

వేసవి సెలవులు దగ్గర పడేకొద్దీ పిల్లలకు వంట నేర్పడం గురించి ఉత్తరాలు పెరిగాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. కొలతలన్నిటికీ 250 మిల్లీలీటర్ల గ్లాసు, 5 మిల్లీలీటర్ల చెంచా లెక్క.

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. వంట నేర్పమని వెంటపడుతోంది. "పప్పులో ఉప్పెంత?" అంటే "చూసి వెయ్యి" అనడం తప్ప నాకు చెప్పడం రావట్లేదు. ఏ రోజూ కొలిచి వండలేదు. ఎలా నేర్పాలి?
ఒక గృహిణి, ఏలూరు

కొలత మీ చేతికి తెలుసు, నోటికే తెలియదు. కాబట్టి ముందు మీ చేతిని కొలవండి. రేపు పప్పు చేసేటప్పుడు ఉప్పు ఎప్పటిలాగే చేత్తో తియ్యండి. అయితే గిన్నెలో కాకుండా చిన్న పళ్ళెంలో వెయ్యండి. అమ్మాయి దాన్ని చెంచాతో కొలిచి, రాసుకుని, ఆ తర్వాత గిన్నెలో వేస్తుంది. కారం, పసుపు, నూనె, చింతపండు అన్నిటికీ ఇదే పద్ధతి. వారం తిరిగేసరికి మీ ఇంటి వంట నాలుగైదు కాగితాల మీదికి వచ్చేస్తుంది. ఏ వంటల పుస్తకం కొన్నా మీ ఇంటి రుచి అందులో ఉండదు, ఈ కాగితాల్లోనే ఉంటుంది.

రాసేటప్పుడు ఏ ఉప్పో కూడా రాయించండి. చెంచాడు మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు తూగుతుంది. కల్లుప్పులో పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాకు బరువు తగ్గుతుంది. మీరు కల్లుప్పుతో చెప్పిన కొలతను రేపు ఆ పిల్ల ప్యాకెట్ ఉప్పుతో వేస్తే కూర ఉప్పుకషాయం అవుతుంది. పచ్చిమిర్చి కూడా అంతే. "నాలుగు" అని రాస్తే చాలదు, పొడుగువా పొట్టివా, ఎంత కారమున్నవా అనేది పక్కన రాసుకోవాలి.

రాసుకున్న ఉప్పులో మొదట ముప్పావు వంతే వేయించండి. రెండు నిమిషాలు ఉడికాక గరిటెడు పళ్ళెంలోకి తీసి, గోరువెచ్చగా అయ్యాక రుచి చూడమనండి. పొగలు కక్కేటప్పుడు నాలుకకు ఉప్పు సరిగా తెలియదు, కొత్తవాళ్ళు ఎక్కువ వేసేది అప్పుడే. ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందంటారు. దుంప ఉప్పునీటిని కొంత పీల్చుకుంటుంది గానీ మిగిలిన పులుసు ఉప్పదనం తగ్గదు. ఉప్పు లేని ఉడికిన పప్పో, నీళ్ళో కలిపి పలచన చేయడమే దారి.

నాలుకకు తర్ఫీదు ఇవ్వడానికి ఉగాది పచ్చడిని మించింది లేదు. పండగ దాకా ఆగక్కర్లేదు. రెండు గ్లాసుల నీళ్ళలో నిమ్మకాయంత చింతపండు పిసికి వడకట్టి, అక్కడి నుంచి ఒక్కొక్కటే వేయించి, వేసిన ప్రతిసారీ రుచి చూపించండి. ఐదారు చెంచాల బెల్లం తురుము, తర్వాత పావు చెంచా ఉప్పు, తర్వాత మామిడికాయ ముక్కలు, తర్వాత కారం, చివర వేపపువ్వు. బెల్లం పడ్డాక పులుపు ఎలా మెత్తబడుతుందో, చిటికెడు ఉప్పు పడగానే తీపి ఎలా పైకి తేలుతుందో ఒక్కసారి నాలుకతో తెలుసుకున్న పిల్ల "చారు బాగాలేదు" అని ఊరుకోదు, "చారులో పులుపు ఎక్కువైంది, కాస్త బెల్లం వెయ్యాలి" అంటుంది.

ఇంకో మాట. నేర్పేటప్పుడు గరిట లాక్కోవద్దు. ఉల్లిపాయలు మాడబోతున్నాయనిపిస్తే "మంట తగ్గించు" అనండి, మీరు తగ్గించకండి. చెయ్యి అడ్డం పెట్టాల్సింది ఒళ్ళు కాలే ప్రమాదం ఉన్నప్పుడే. కూర మాడితే పోయేది కూరే.

కవల పిల్లలు, ఏడేళ్ళు. వంటింట్లోకి వస్తే కాళ్ళకు అడ్డం పడుతున్నారు. ఈ వయసులో ఏ పని ఇవ్వొచ్చు? చాకు ఎప్పుడు ఇవ్వాలి?
ఒక పాఠకురాలు, నిజామాబాద్

నేల మీద నిలబడినప్పుడు పిల్లల మోచెయ్యి గట్టు కంటే పైకి వచ్చేదాకా పొయ్యి పని వద్దు. స్టూలు ఎక్కించి మంట దగ్గర నిలబెట్టడం అసలే వద్దు. స్టూలు కదిలితే పిల్లలు మొదట పట్టుకునేది మూకుడు కాడనే.

కింద కూర్చుని చేసే పనులు బోలెడున్నాయి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, గోంగూర తుంచడం, బఠాణీలు ఒలవడం, మజ్జిగ చిలకడం. వెల్లుల్లి రెబ్బల్ని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో వేసిస్తే పొట్టు వాళ్ళే తీస్తారు. అయితే ఎప్పుడూ చాకిరీయే చేయిస్తే నాలుగు రోజుల్లో విసుగెత్తి పారిపోతారు. మొదటి నుంచి చివరి దాకా వాళ్ళదే అనిపించే వంటకం ఒకటుండాలి. ఈ వయసుకు వడపప్పు, పానకం బాగా నప్పుతాయి. రెండింటికీ పొయ్యి అక్కర్లేదు.

వడపప్పుకు అర గ్లాసు పెసరపప్పు రెండుసార్లు కడిగి గంటన్నర నానబెట్టాలి. నానిందో లేదో పిల్లలే చూడొచ్చు. గింజను గోటితో నొక్కితే విరగాలి, లోపల గట్టి పలుకు తగలకూడదు. చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచి నీళ్ళు పూర్తిగా ఓడ్చాలి. ఈ పది నిమిషాలు ఓపిక పట్టకపోతే అడుగున నీరు చేరి చప్పబడిపోతుంది. కొబ్బరి తురుము మూడు చెంచాలు, పచ్చిమామిడి తురుము రెండు, ఉప్పు పావు చెంచా కలిపితే అయిపోయినట్టే. తురమడం మీరు చేయండి, తురుము పీటకు చిన్న వేళ్ళు తెలియకుండానే తగులుతాయి. ఎండాకాలం నానిన పప్పు తొందరగా పాసిపోతుంది కాబట్టి చేసిన గంట, రెండు గంటల్లో తినేయాలి. పానకానికి లీటరు నీళ్ళకు 150 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా యాలకుల పొడి. బెల్లం కరిగాక వడకట్టించండి, ఇసుక అడుగున కనిపిస్తుంది.

ఎనిమిది, తొమ్మిదేళ్ళకు చిన్న చాకు ఇవ్వొచ్చు. పదునున్నదే ఇవ్వండి. మొండి చాకును బలంగా నొక్కాలి, నొక్కినప్పుడే జారుతుంది. కోసే చెక్క కింద తడిబట్ట పరిస్తే కదలదు. కూరగాయను ముందు మీరు నిలువుగా రెండు చేసి, కోసిన వైపు కిందికి బోర్లించి ఇవ్వండి, దొర్లదు. పట్టుకున్న చేతి వేళ్ళ కొసలు లోపలికి మడిచి, కణుపులు చాకు పక్కకు రావాలి. మొదట అరటిపండు, ఉడికిన దుంప, తర్వాత కీరా. ఉల్లిపాయ చివర్న. కత్తిపీట మాత్రం పదిహేనేళ్ళ దాకా ముట్టనివ్వకండి. చాకుతో కోసేటప్పుడు కత్తి కాయ మీదికి వస్తుంది, కత్తిపీట దగ్గర చెయ్యే కత్తి మీదికి వెళ్తుంది.

మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పదమూడేళ్ళ బాబు అన్నం, పప్పు, తాలింపు నేర్చుకుంటే మాకెంతో సాయం. కానీ కుక్కరంటే వాడికి హడల్, నాకూ భయమే. మాది బోరు నీళ్ళు, పప్పు ఓ పట్టాన ఉడకదు కూడా.
ఒక తండ్రి, హైదరాబాద్

కుక్కర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం పోయి జాగ్రత్త మిగులుతుంది. కాబట్టి మొదటి పాఠం పొయ్యి వెలిగించకుండానే చెప్పండి. మూత తీసి చేతికిచ్చి, విజిల్ పెట్టే గొట్టంలోంచి వెలుతురు వైపు చూడమనండి. అవతల వెలుగు కనిపించాలి. కనిపించకపోతే అన్నం మెతుకో, పప్పు నురగో ఎండి అడ్డుపడి ఉంటుంది, పుల్లతో పొడిచి కడగాలి. తర్వాత రబ్బరు చుట్టూ వేలు తిప్పి పగుళ్ళున్నాయేమో చూడాలి. మూడోది, అడుగున నీళ్ళు. లోపల గిన్నెలు పెట్టే పద్ధతిలో కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్ళుండాలి. అవి ఇగిరిపోతే సేఫ్టీ వాల్వ్ కరిగి ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అందుకే తొందరగా ఉడుకుతుంది, అందుకే మధ్యలో మూత జోలికి పోకూడదు.

నలుగురికి రెండు గ్లాసుల బియ్యం. కొత్త బియ్యమైతే నాలుగు గ్లాసుల నీళ్ళు, పాత బియ్యమైతే ఐదు. పాత బియ్యం నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ఇరవై నిమిషాలు నానితే మెతుకు విరగకుండా సమంగా ఉడుకుతుంది. గిన్నెలో మూడింట రెండొంతులు దాటి బియ్యం, నీళ్ళు ఉండకూడదు. పప్పు గిన్నె అడుగున, అన్నం గిన్నె పైన. అర గ్లాసు కందిపప్పుకు గ్లాసున్నర నీళ్ళు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనె. నూనె వేస్తే నురగ తగ్గుతుంది. పప్పు, నీళ్ళు కలిసి గిన్నెలో సగం దాటకూడదు. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత మధ్యరకం మంట మీద మరో మూడు, నాలుగు.

కట్టేశాక అసలు కష్టం ఆగడమే. పది, పన్నెండు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. చెంచాతో విజిల్ ఎత్తి ఆవిరి పోగొట్టడం, మూత మీద నీళ్ళు పోయడం పిల్లలకు నేర్పకండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే లోపలి పప్పు పొంగి గొట్టంలోంచి చిమ్ముతుంది. చల్లారాక విజిల్ కాస్త కదిపినప్పుడు చప్పుడేమీ రాకపోతేనే మూత తీయాలి, అదీ మూత అవతలి అంచు ముందు లేచేలా వంచి, ఆవిరి మొహానికి తగలకుండా. విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి పోతుంటే రబ్బరు సరిగా కూర్చోలేదన్నమాట. కట్టేసి, చల్లార్చి, సరిచేసి మళ్ళీ పెట్టాలి.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పులోని కణాల గోడలు గట్టిపడి ఓ పట్టాన మెత్తబడవు. తాగడానికి వాడే ఫిల్టర్ నీళ్ళతో గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళతోనే ఉడికిస్తే తేడా మొదటిరోజే తెలుస్తుంది. చింతపండు పులుసు, మామిడికాయ, టమాటా ముందే కలిపినా ఇదే బాధ, పులుపు పప్పును మెత్తబడనివ్వదు. టమాటా పప్పు చేసేటప్పుడు మూడు టమాటాలు, నాలుగు పచ్చిమిర్చి విడిగా మూకుట్లో మగ్గించి, మెదిపిన పప్పులో కలిపి, ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడికిస్తే చాలు.

తాలింపు దగ్గర పిల్లలు బెదిరేది చిటపటలకు, పెద్దలు కోప్పడేది మాడినందుకు. రెండూ తప్పించుకోవచ్చు. దినుసులన్నీ ముందే చిన్న పళ్ళెంలో విడివిడిగా వరసగా పెట్టించండి. నూనె కాగాక డబ్బా మూత తీయబోతే అక్కడే మాడుతుంది. రెండు చెంచాల నూనె వేసి, రెండే రెండు ఆవగింజలు వేసి చూడాలి. ఊరికే మునిగి ఉంటే ఇంకా కాగలేదు. రెండు మూడు సెకన్లలో చిట్లితే సరిగ్గా కాగింది. వేసీ వేయగానే నల్లబడితే ఎక్కువ కాగింది, మంట కట్టేసి అర నిమిషం ఆగాలి. ఇప్పుడు సన్నమంట మీద ముందు అర చెంచా శనగపప్పు. అన్నిటికంటే ఆలస్యంగా వేగేది అదే. దాని రంగు తిరగడం మొదలవగానే అర చెంచా మినప్పప్పు, వెంటనే అర చెంచా ఆవాలు. చిటపట తగ్గుముఖం పట్టాక జీలకర్ర, రెండు ఎండుమిర్చి, పది అంకెలు లెక్కపెట్టి చిటికెడు ఇంగువ. అప్పుడు పొయ్యి కట్టేసి కరివేపాకు. ఆకు తడిగా ఉంటే ఆ నీటిబొట్టు కాగిన నూనెలో ఒక్కసారిగా ఆవిరై నూనెను మొహం మీదికి ఎగరగొడుతుంది. కడిగిన ఆకును బట్టతో అద్ది ఆరబెట్టి, వేసేటప్పుడు రెండో చేత్తో మూత అడ్డం పట్టుకోవాలి. మినప్పప్పు బంగారు రంగులో ఉన్నప్పుడే దించి పప్పులో కలపాలి, ఎర్రబడే దాకా చూస్తే గిన్నె వేడికే నల్లబడుతుంది.

మొదటి నాలుగైదుసార్లు మీరు పక్కనే నిలబడండి. ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు పొయ్యి వెలిగించే అనుమతి ఈ వయసుకు ఇవ్వకండి.

మా అబ్బాయి చపాతీలు చేస్తుంటే మా అత్తగారు "మగపిల్లాడికి అదేం ఖర్మ" అంటున్నారు. ఏం చెప్పాలి?
ఒక పాఠకురాలు, కరీంనగర్

మంచి వంటను మనం నలభీమపాకం అంటాం, ఇద్దరూ మగవాళ్ళే. ఊళ్ళో పెళ్ళి జరిగితే గాడిపొయ్యి దగ్గర కాగు దించేదీ ఎక్కువగా మగవాళ్ళే. అయినా అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకు బాగా వచ్చిన వంటకం ఒకటి ఎంచి, మనవడికి ఆవిడ చేతే నేర్పించండి. సున్నుండలో, పచ్చిపులుసో, సకినాలో. నాన్నమ్మ చెప్తుంటే వాడు రాసుకోవాలి.

ట్యూషన్ నుంచి రాగానే పదిహేనేళ్ళ పాప రోజూ నూడుల్స్ చేసుకుంటోంది. అంతే తొందరగా అయ్యేదేదైనా చెప్పండి. ఉప్మా నేర్పితే ఉండలు కట్టి విసుక్కుంది.
ఒక పాఠకురాలు, విజయవాడ

ఉండలు కట్టడానికి కారణం తెలిస్తే రెండోసారి కట్టవు. వేయించని రవ్వను గుమ్మరిస్తే పైపొర వేడినీటికి వెంటనే జిగురై, లోపలి రవ్వకు నీళ్ళు అందకుండా మూసేస్తుంది. గ్లాసు బొంబాయి రవ్వను మాడకుండా కమ్మటి వాసన వచ్చేదాకా ఆరేడు నిమిషాలు వేయించి ఉంచుకోవాలి. ఆదివారమే కిలో వేయించి డబ్బాలో పోసుకుంటే రోజూ పని తగ్గుతుంది. తాలింపులో రెండున్నర గ్లాసుల నీళ్ళు, ముప్పావు చెంచా ఉప్పు వేసి తెర్లనివ్వాలి. మంట తగ్గించి, ఒక చేత్తో సన్నటి ధారగా రవ్వ పోస్తూ రెండో చేత్తో ఆపకుండా తిప్పాలి. మూత పెట్టి రెండు నిమిషాలు సిమ్‌లో, కట్టేశాక ఇంకో మూడు నిమిషాలు. జారుగా కావాలంటే మూడు గ్లాసుల నీళ్ళు.

అంతకంటే తొందరగా కావాలంటే అటుకులు. మందపాటివి చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద తడిపి ఐదు నిమిషాలు వదిలేయాలి. గిన్నెలో నానబెడితే ముద్దవుతాయి. రెండు గుడ్ల పొరటు కూడా పది నిమిషాల పనే. ఉల్లిపాయలు మెత్తబడ్డాకే గుడ్డు కొట్టాలి.

బాబు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. నెల రోజులే ఉంది. టీ కూడా పెట్టుకోలేడు. ఏవేవి నేర్పాలి?
ఒక తల్లి, ఖమ్మం

ముప్పై వంటకాలు నేర్పాలని చూడకండి. అన్నం, పప్పు, చారు, ఉప్మా, ఒక వేపుడు, గుడ్డు కూర, చికెన్ కూర, ఈ ఏడూ ఒక్కోటి కనీసం మూడుసార్లు, కూరగాయలు కొనడం నుంచి గిన్నెలు కడగడం దాకా వాడొక్కడే చేయాలి. మొదటిసారి మీరు చెప్తారు, రెండోసారి కాగితం చూసి చేస్తాడు, మూడోసారి మీరు వంటింట్లో ఉండకండి.

అక్కడి వంటిల్లు వేరు. చాలా అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యిలే. కట్టేసినా కాయిల్ కొన్ని నిమిషాలు వేడిగానే ఉంటుంది కాబట్టి తాలింపు గిన్నెను పొయ్యి మీద వదిలేస్తే మాడిపోతుంది, పక్కకు దించాలి. ఇండక్షన్ పొయ్యి అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగుకు అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనికొస్తాయి. ఇక్కడి మిక్సీ 230 వోల్టులది, అక్కడ కరెంటు 120 వోల్టులు, కాబట్టి మోసుకెళ్ళొద్దు. ఎండుమిర్చి ఘాటుకో, నూనె పొగకో స్మోక్ అలారం మోగుతుంది. ముందే ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తీసి, నూనె పొగ రాకముందే దినుసులు వేయడం అలవాటు చేయండి. అలారం బ్యాటరీ పీకేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దని చెప్పండి.

చికెన్‌ను కుళాయి కింద కడిగితే తుంపర్లతో బ్యాక్టీరియా సింకంతా, పక్కనున్న గిన్నెల మీదా పడుతుంది. కడగకుండా నేరుగా వండొచ్చు. వేడికే అవి చస్తాయి. ముక్క లోపల 74 డిగ్రీలకు చేరాలి. దీనికి చిన్న థర్మామీటర్లు అక్కడ సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. చికెన్ కోసిన చెక్క మీద టమాటా కోయకూడదు.

అన్నం గురించి గట్టిగా చెప్పండి. నలుగురు కుర్రాళ్ళు ఆదివారం వండి గట్టు మీదే వదిలేసి రాత్రి దాకా తింటుంటారు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో ఉన్న అన్నంలో పెరిగి విషం విడుస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాంతులు, విరేచనాలు అందువల్లే. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాల్లో పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒకటి రెండు రోజుల్లో తినేయాలి, పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడిచేయాలి.

పిల్లలకు పొయ్యి అప్పగించే ముందు ప్రమాదాల గురించి ఏం చెప్పాలి?
ఒక పాఠకుడు, అనంతపురం

చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు, గడియారం చూసి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏదీ వద్దు. బొబ్బను చిదమకూడదు. మొహం మీద కాలినా, అరచేతి కంటే పెద్దగా కాలినా నీళ్ళతో చల్లార్చాక ఆసుపత్రికి వెళ్ళాలి.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. నీళ్ళు నూనె అడుగుకు చేరి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను పైకి విసురుతాయి. పొయ్యి కట్టేసి, మూత పక్క నుంచి జరిపి కప్పి, పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. ఇది మాటల్లో చెప్పి వదలకండి, ఖాళీ మూకుడు, మూతతో ఒకసారి చేయించండి.

గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదికి దిగి పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆర్పకూడదు, రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వెళ్ళాక 1906కు ఫోన్ చేయాలి. ఆ అంకె పిల్లలకు నోటికి రావాలి.

మా అమ్మాయి బెండకాయ వేపుడు చేస్తే జిగురుగా ముద్దవుతోంది. నూనె పెంచినా లాభం లేదు.
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

కోసిన తర్వాత కడుగుతోందేమో చూడండి. బెండలోని జిగురు నీళ్ళు తగిలితేనే సాగుతుంది. ముందే కడిగి, బట్టతో తుడిచి, అరగంట ఫ్యాను కింద ఆరాక పొడి చాకుతో కోయాలి. అరకిలోకు మూడు పెద్ద చెంచాల నూనె చాలు. వెడల్పాటి మూకుడు తీసుకుని ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి, ఇరుకైతే ఆవిరికి ఉడుకుతాయి గానీ వేగవు. మూత పెట్టకూడదు. మాటిమాటికీ కలపకుండా మూడు నిమిషాలకోసారి అట్లకాడతో తిరగేస్తే చాలు. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది. ముక్క అంచులు గోధుమరంగుకు తిరిగాక ఉప్పు ముప్పావు చెంచా, కారం చెంచా వేసి, రెండు నిమిషాల్లో దించేయమనండి.